వృత్తి మారిన తరవాత ఆరోగ్య సమాచార సాంకేతిక రంగంలో ఉద్యోగ జీవితం: వరంగల్ నేపథ్యంలో పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ విభాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఆరోగ్య సమాచార సాంకేతిక రంగం అంటే ఏమిటో, తెలుగు ప్రాంతంలో అది ఎలా ఎదిగిందో చెప్పగలుగుతారు.
• ఒక రోగి వివరాలు ఆసుపత్రిలో ఏయే దశలు దాటి వెళ్తాయో, ఏ దశలో ఏ ఉద్యోగం ఉంటుందో వివరించగలుగుతారు.
• మీ పాత వృత్తిలోని ఏ అనుభవం ఈ రంగంలో ఉపయోగపడుతుందో గుర్తించగలుగుతారు.
• వృత్తి మార్పుకు దశలవారీ ప్రణాళిక వేసుకోగలుగుతారు.

1.1 పరిచయం

బతుకుతెరువు మార్చుకోవడం వరంగల్‌కు కొత్త కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. అది మూతపడినప్పుడు ఆ కుటుంబాలు వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది. ఈ రోజుల్లో మార్పు మరో విధంగా వస్తోంది. పదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రాత్రి డ్యూటీలు ఇక చేయలేననుకునేవారు, ప్రైవేటు బడిలో చాలీచాలని జీతంతో నెట్టుకొస్తున్న ఉపాధ్యాయులు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఉద్యోగం చేయాలనుకునే గృహిణులు, వైద్యం ఊసే లేని సాఫ్ట్‌వేర్ పనిలో విసిగిపోయినవారు వృత్తి మార్పు గురించి ఆలోచిస్తున్నారు. దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న మీలో చాలామంది ఇలాంటివారే కావచ్చు.

వరంగల్ వైద్యానికి పేరున్న నగరం. కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అంటే మనమంతా ఎంజీఎం అని పిలిచే పెద్దాసుపత్రి, చుట్టుపక్కల జిల్లాల పేదలకు ప్రధాన దిక్కు. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కేంద్రం కూడా ఇక్కడే ఉంది. మరోవైపు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. 2020 జనవరిలో మడికొండ ఐటీ ప్రాంగణంలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు మొదలయ్యాయి. వైద్యం, కంప్యూటర్ అనే రెండు పాయలు ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ రెండూ కలిసే చోట దొరికే పనుల గురించి ఈ విభాగంలో తెలుసుకుందాం.

1.2 ఆరోగ్య సమాచార సాంకేతికత: అర్థం, వికాసం

రోగికి సంబంధించిన సమాచారాన్ని సేకరించడం, భద్రపరచడం, అవసరమైనవారికి సరైన సమయంలో అందించడం, దాని ఆధారంగా నిర్ణయాలు తీసుకోవడం అనే పనులకు కంప్యూటర్లను, నెట్‌వర్క్‌లను వాడడాన్ని ఆరోగ్య సమాచార సాంకేతికత అంటారు. ఇందులో సాఫ్ట్‌వేర్ తయారీ ఒక భాగం మాత్రమే. తయారైన సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రిలో అమర్చడం, సిబ్బందికి నేర్పడం, అందులోకి తప్పుల్లేని సమాచారం చేరేటట్లు చూడడం, ఆ సమాచారాన్ని విశ్లేషించడం కూడా ఇందులోకే వస్తాయి.

తెలుగు ప్రాంతంలో ఈ రంగం ఎదిగిన తీరును కొన్ని మైలురాళ్ల ద్వారా చూడవచ్చు.

2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహ సంబంధంతో టెలీమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. ఫోన్ ఎత్తడం, స్థలం గుర్తించడం, దగ్గరలోని వాహనాన్ని పంపడం, రోగి వివరాలు నమోదు చేయడం అన్నీ ఒకే వ్యవస్థలో జరిగే ఈ పద్ధతి తరవాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై క్రమంగా రాష్ట్రమంతా విస్తరించింది. రోగి నమోదు మొదలు ఆసుపత్రికి డబ్బు చెల్లింపు వరకు ఆన్‌లైన్‌లోనే జరగాలన్న ఏర్పాటు వల్ల జిల్లా స్థాయి ఆసుపత్రులకు కూడా కంప్యూటర్ తెలిసిన సిబ్బంది అవసరం ఏర్పడింది. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచారు.

2010 నుంచి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ‘ఐస్మార్ట్’ పేరుతో తన సొంత ఎలక్ట్రానిక్ వైద్య రికార్డు వ్యవస్థను వాడుతోంది. దీని వెనక ముఖ్యపాత్ర వహించిన డాక్టర్ ఆంథొనీ విపిన్ దాస్ స్వతహాగా కంటి వైద్యుడు. కంటి పరీక్షలో డాక్టరు ఏది ముందు చూస్తారు, ఏది బొమ్మ గీసి చూపుతారు, ఏది రెండు కళ్లకూ వేరువేరుగా రాయాలి అన్నది వైద్యం తెలిసినవారికే బాగా తెలుస్తుంది. ఒక వృత్తిలోని లోతైన అనుభవం మరో రంగంలో ఎలా పెట్టుబడి అవుతుందో చెప్పడానికి ఇది మన దగ్గరి మంచి ఉదాహరణ.

2021 సెప్టెంబరు 27న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. దీని కింద పౌరులకు ‘ఆభా’ అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తారు. రోగి అనుమతితో ఒక ఆసుపత్రి రికార్డు మరో ఆసుపత్రికి చేరేటట్లు చేయడం ఈ మిషన్ ఉద్దేశం.

1.3 ఒక రోగి వివరాల ప్రయాణం

ఈ రంగంలో ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో తెలుసుకోవడానికి ఒక రోగి వివరాల వెంట నడవడం సులువైన మార్గం. పరకాల దగ్గరి పల్లె నుంచి ఛాతీనొప్పితో ఒక రైతును హనుమకొండలోని ఒక నెట్‌వర్క్ ఆసుపత్రికి తీసుకువచ్చారనుకుందాం.

మొదటి దశ నమోదు. కౌంటర్‌లో పేరు, వయసు, ఊరు రాసుకుని ఓపీ చీటీ ఇస్తారు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కాని ఎక్కువ చిక్కులు ఇక్కడే పుడతాయి. ‘లక్ష్మి’ అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు ‘ఎక్స్’తో రాస్తే, మరొకరు ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక ఉంటుంది. పెళ్లి తరవాత కొందరికి ఇంటిపేరు మారుతుంది. కంప్యూటర్ దృష్టిలో వీరంతా వేరువేరు మనుషులు. ఒకే మనిషికి రెండు రికార్డులు ఉంటే, ఫలానా మందు పడదన్న పాత హెచ్చరిక కొత్త డాక్టరు కంట పడకపోవచ్చు. వీటిని సరిచూసే పని వైద్య రికార్డుల విభాగానిది.

రెండో దశ పరీక్షలు. ఈసీజీ తీస్తారు, రక్తం పరీక్షకు పంపుతారు. ల్యాబ్ యంత్రం ఫలితం నేరుగా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోకి రావాలంటే రెండింటినీ కలపాలి. ఇక్కడ ప్రమాణాల సమస్య ఉంటుంది. మన దగ్గర రక్తంలో చక్కెరను డెసీలీటరుకు మిల్లీగ్రాములలో చెబుతాం. కొన్ని దేశాల్లో లీటరుకు మిల్లీమోల్‌లలో చెబుతారు. మన లెక్కలో 180 అంటే వారి లెక్కలో 10. ప్రమాణం తప్పుగా అమర్చి తెరమీద ‘10’ అని వస్తే ప్రోగ్రామర్‌కు అందులో తేడా కనిపించకపోవచ్చు. ల్యాబ్ టెక్నీషియన్‌కు మాత్రం వెంటనే అనుమానం వస్తుంది, ఎందుకంటే మన ప్రమాణంలో 10 ఉన్న మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు.

మూడో దశ ముందస్తు అనుమతి. రోగి ఆరోగ్యశ్రీకి అర్హుడైతే ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర వివరాలు చూసి దారి చూపుతారు. ‘మెడ్‌కో’ అని పిలిచే ఆసుపత్రి వైద్య సమన్వయకర్త, వారి సహాయకులు కలిసి పరీక్షల నివేదికలు, చికిత్స వివరాలు ఆన్‌లైన్‌లో పంపుతారు. ట్రస్టు వైద్యులు పరిశీలించి అనుమతిస్తారు. ఒక నివేదిక జతచేయడం మరిచిపోయినా, ఈసీజీకి రాసిన రోగ నిర్ధారణకు పొంతన లేకపోయినా ప్రశ్న తిరిగి వస్తుంది. ఆ ఆలస్యమంతా బయట బెంచీ మీద కూర్చున్న కుటుంబం భరించాలి.

నాలుగో దశ చికిత్స. కేస్ షీట్, నర్సుల నోట్స్, మందుల పట్టిక కంప్యూటర్‌లో రాస్తారు. కొత్త వ్యవస్థ పెట్టినప్పుడు సిబ్బందికి నేర్పేవారు, వారి ఇబ్బందులు విని తయారీదారులకు చెప్పేవారు కావాలి. వీరిని ఇంప్లిమెంటేషన్, సపోర్ట్ సిబ్బంది అంటారు.

ఐదో దశ డిశ్చార్జ్, కోడింగ్. వైద్య కోడర్లు డిశ్చార్జ్ సమ్మరీ చదివి జబ్బుకు, చికిత్సకు అంతర్జాతీయ సంకేతాలు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 పట్టికలో అప్పుడే వచ్చిన గుండెపోటు సంకేతం ‘ఐ21’తో మొదలవుతుంది. గుండె ముందుగోడకు వస్తే ‘ఐ21.0’, కింది గోడకు వస్తే ‘ఐ21.1’. కోడర్‌కు టైపింగ్ వేగం కన్నా శరీర నిర్మాణంపై అవగాహన ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది. దీని తరవాతి రూపమైన ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దేశాలు క్రమంగా దానికి మారుతున్నాయి.

ఆరో దశ క్లెయిమ్. ఆసుపత్రి బీమా విభాగం బిల్లులు, నివేదికలు పంపి డబ్బు రాబట్టుకుంటుంది. ఖాతాల పని తెలిసినవారికి ఇది దగ్గరి పని.

ఏడో దశ విశ్లేషణ. ఏ మండలం నుంచి ఎన్ని గుండెపోటు కేసులు వచ్చాయి, నొప్పి మొదలైన ఎంతసేపటికి ఆసుపత్రికి చేరారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికేవారు డేటా విశ్లేషకులు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. ఒకే రోగికి రెండు రికార్డులు ఏర్పడడానికి కారణాలు తెలపండి.
2. ల్యాబ్ ఫలితాల్లో ప్రమాణాలు తప్పితే కలిగే నష్టమేమిటి?

1.4 పాత వృత్తి విలువ

వృత్తి మారేవారిలో చాలామంది ‘నేను సున్నా నుంచి మొదలుపెడుతున్నాను’ అనుకుంటారు. పై ప్రయాణాన్ని మళ్లీ చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. ఈ రంగం రెండు గట్ల మధ్య వంతెన వంటిది. ఒక గట్టున ఆసుపత్రి, మరో గట్టున కంప్యూటర్ ఉన్నాయి. మీరు ఏ గట్టున నిలబడి ఉన్నారో గుర్తించి, అవతలి గట్టుకు చేరడానికి అవసరమైనంత నేర్చుకోవాలి.

నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లకు వైద్య పరిభాష, వార్డు నడిచే తీరు తెలుసు. వీరికి ఇంప్లిమెంటేషన్, శిక్షణ, కోడింగ్, నాణ్యత పరిశీలన అనువైన పనులు. వీరు నేర్చుకోవలసింది స్ప్రెడ్‌షీట్, డేటాబేస్ ప్రాథమికాంశాలు, ఈమెయిల్‌లో స్పష్టంగా సమస్య రాయడం.

వాణిజ్యశాస్త్రం చదివినవారికి, అకౌంటెంట్లకు క్లెయిమ్, బిల్లింగ్ పనులు దగ్గర. హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే సంస్థలు ‘ఏఆర్ కాలర్’ అనే ఉద్యోగాలు ఇస్తాయి. అక్కడి బీమా కంపెనీలకు ఫోన్ చేసి రావలసిన డబ్బు గురించి అడగడమే ఈ పని. ఇంగ్లిష్ మాట్లాడడం రావాలి. అమెరికా పగలు మనకు రాత్రి కాబట్టి రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఇంటి పరిస్థితులు చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఉపాధ్యాయుల బలం వివరించి చెప్పగలగడం. యాభై ఏళ్ల హెడ్ నర్సుకు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పడానికి ఓపిక, గౌరవం కావాలి. ‘ఇది కూడా రాదా’ అనే కుర్ర ఇంజనీరు కన్నా తరగతి గది చూసిన ఉపాధ్యాయులు ఆ పని బాగా చేస్తారు.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవారి పరిస్థితి తిరగబడి ఉంటుంది. వీరికి ప్రోగ్రామింగ్ తెలుసు, వార్డు తెలియదు. వీరు వైద్య పరిభాషతో పాటు రికార్డుల మార్పిడికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణాన్ని, స్కానింగ్ చిత్రాలకు వాడే డైకామ్‌ను, వైద్య పదాల నిఘంటువైన స్నోమెడ్ సీటీని తెలుసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఎఫ్‌హెచ్‌ఐఆర్‌నే వాడుతోంది.

1.5 నేర్చుకోవలసిన అంశాలు

ఏ దారిలో వచ్చినా అందరికీ ఉమ్మడిగా అవసరమైనవి నాలుగు.

మొదటిది వైద్య పరిభాష. పదాల మూలాలు పట్టుకుంటే ఇది తేలిక. ‘కార్డియో’ అంటే గుండె, ‘నెఫ్రో’ అంటే మూత్రపిండం, ‘హెపటో’ అంటే కాలేయం. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే తొలగించడం. అపెండిసైటిస్, అపెండెక్టమీ అన్న మాటలు ఇక బట్టీపట్టనక్కరలేదు.

రెండోది డేటా పని. స్ప్రెడ్‌షీట్‌లో వరుసలు వడగట్టడం, లెక్కలు కట్టడం, ఎస్‌క్యూఎల్‌లో చిన్న ప్రశ్నలు రాయడం వస్తే మొదటి ఉద్యోగానికి పునాది పడుతుంది.

మూడోది అభ్యాసం. ఓపెన్‌ఎంఆర్‌ఎస్, దాని ఆధారంగా మన దేశంలో రూపొందిన బాహ్మ్‌ని అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో కల్పిత రోగిని నమోదు చేసి, పరీక్షలు రాసి, డిశ్చార్జ్ వరకు తీసుకెళ్లి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇదొక మంచి ప్రాజెక్టు అవుతుంది.

నాలుగోది గోప్యత. రోగి వివరాలు రోగివి. మనకు తెలిసినవారి రిపోర్టు అయినా పనిలేకుండా తెరవకూడదు. కేస్ షీట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపకూడదు. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడకూడదు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అమెరికా రికార్డులపై పనిచేసే సంస్థలు అక్కడి 1996 నాటి హిపా చట్టాన్ని పాటించాలి. చిన్న ఊళ్లో ఒక అమ్మాయి గర్భం గురించో, ఒక యువకుడి హెచ్‌ఐవీ గురించో మాట బయటికి పొక్కితే జరిగే నష్టాన్ని ఏ చట్టమూ పూర్తిగా పూడ్చలేదు.

కోడింగ్‌లో చేరదలచినవారికి ఏఏపీసీ అనే అమెరికా సంస్థ నిర్వహించే సీపీసీ పరీక్షకు గుర్తింపు ఉంది. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష ఇది. తగిన అనుభవం లేకుండా ఉత్తీర్ణులైనవారికి మొదట ‘అప్రెంటిస్’ హోదా ఉంటుంది. పరీక్ష ప్రవేశ ద్వారం మాత్రమే, అసలు నైపుణ్యం పనిలోనే వస్తుందని ఈ ఏర్పాటే చెబుతోంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. మీ ప్రస్తుత వృత్తిలోని మూడు నైపుణ్యాలను రాసి, అవి 1.3లోని ఏ దశకు సరిపోతాయో తెలపండి.
2. రోగి గోప్యతను కాపాడడానికి పాటించవలసిన నియమాలేవి?

1.6 మార్పుకు ప్రణాళిక

ఉద్యోగం మానేసి కోర్సులో చేరడం కన్నా, ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవడం చాలామందికి క్షేమకరం. దూరవిద్య ఉద్దేశం కూడా అదే. ప్రణాళికను నాలుగు దశలుగా వేసుకోవచ్చు.

మొదటి రెండు మూడు నెలలు పరిశీలనకు కేటాయించండి. ఈ రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. రోజూ ఏం చేస్తారు, షిఫ్టు ఏది, మొదటి ఏడాది జీతం ఎంత అన్నవి అడగండి. తరవాత ఆరు నెలలు రోజుకు గంట చొప్పున వైద్య పరిభాష, డేటా పని నేర్చుకోండి. స్వయం, ఎన్‌పీటెల్ వేదికల మీద ఉచిత పాఠాలున్నాయి. మూడో దశలో ఇప్పుడున్న చోటే సంబంధిత పని అడిగి తీసుకోండి. నర్సు అయితే వార్డు సాఫ్ట్‌వేర్ బాధ్యత, అకౌంటెంట్ అయితే బీమా ఫైళ్ల పని అడగవచ్చు. పాత హోదాలోనే కొత్త అనుభవం సంపాదించడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. నాలుగో దశలో దరఖాస్తులు పెట్టండి.

ఉద్యోగం వదిలే ముందు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండేటట్లు చూసుకోండి. కొత్త రంగంలో తొలి జీతం పాత జీతం కన్నా తక్కువ ఉండవచ్చు. ఈ విషయం ఇంట్లోవారికి ముందే చెప్పడం అవసరం. వరంగల్‌లోనే ఉండాలా, హైదరాబాద్ వెళ్లగలరా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఇంటినుంచి పని అవకాశాలు ఉన్నా, అనుభవం లేనివారికి అవి మొదట్లోనే దొరకడం కష్టం.

1.7 పరిమితులు, జాగ్రత్తలు

ఈ రంగంలోని ప్రతి పనీ శాశ్వతం కాదు. 1990ల చివర, 2000ల మొదట్లో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ సంస్థలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేయడం అప్పట్లో మంచి ఉపాధి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్ రికార్డులు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. టైపింగ్ మాత్రమే వచ్చినవారు ఇబ్బంది పడ్డారు. వైద్య భాష పట్టుబడినవారికి తప్పులు దిద్దే పనికో, కోడింగ్‌కో మారే వీలు దొరికింది. ఇప్పుడు కోడింగ్‌లోనూ కంప్యూటర్ సాయంతో సంకేతాలు సూచించే ప్రోగ్రాములు వచ్చాయి. అందువల్ల ఒక్క పనికి కట్టుబడకుండా, ఆ పని ఎందుకు చేస్తున్నామో అర్థం చేసుకోవాలి.

‘వంద శాతం ఉద్యోగ హామీ’ అని ముందే పెద్ద ఫీజు అడిగే సంస్థల విషయంలో జాగ్రత్త వహించండి. అంతకుముందు బ్యాచ్‌లో చదివినవారిని కలిపించమని అడగండి. హామీ కాగితం మీద రాసి ఇస్తారో లేదో చూడండి. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగితే, లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇస్తామంటే అక్కడితో ఆపండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డేటా ఎంట్రీ వంటి ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అనుభవానికి అవి పనికొస్తాయి, భద్రత తక్కువ.

1.8 సారాంశం

ఆరోగ్య సమాచార సాంకేతిక రంగం ఆసుపత్రి పనిని, కంప్యూటర్ పనిని కలుపుతుంది. 108, ఆరోగ్యశ్రీ, ఐస్మార్ట్, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వంటివి తెలుగు ప్రాంతంలో దీన్ని విస్తరింపజేశాయి. నమోదు నుంచి విశ్లేషణ వరకు ప్రతి దశలోనూ ఉద్యోగాలున్నాయి. వృత్తి మారేవారి పాత అనుభవమే వారి పెట్టుబడి. లోటున్న రెండో సగాన్ని క్రమంగా, ఇంటి ఆర్థిక పరిస్థితికి తగినట్లు నేర్చుకోవాలి. తెరమీద కనిపించే ప్రతి వరుస వెనక ఒక మనిషి ఉన్నాడని మరవనివారే ఈ వృత్తిలో నిలబడతారు.

1.9 ముఖ్య పదాలు

ఆభా సంఖ్య: పౌరులకు ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య.
ఐసీడీ: జబ్బులకు సంకేతాలిచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ.
ముందస్తు అనుమతి: చికిత్సకు ముందు బీమా సంస్థ లేదా ట్రస్టు ఇచ్చే ఆమోదం.
క్లెయిమ్: చికిత్స ఖర్చు చెల్లించమని ఆసుపత్రి పంపే అభ్యర్థన.

1.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆసుపత్రిలో రోగి వివరాల ప్రయాణాన్ని దశలవారీగా వివరించి, ప్రతి దశలోని ఉద్యోగావకాశాలను చర్చించండి.
2. వృత్తి మార్పులో పాత అనుభవం ఎలా పెట్టుబడి అవుతుందో ఉదాహరణలతో వివరించండి.

II. కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనుభవం నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
2. శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?